కృష్ణప్రియ మొక్కు

కృష్ణప్రియ చెడ్డపిల్ల కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడుతుంది. ఆటోవాడితో బేరమాడదు. వీధికుక్కలకు బిస్కెట్లు వేస్తుంది. అంత మంచిపిల్లకు కూడా ఒక చిన్న అబద్ధం ఎంత సుఖంగా ఉంటుందో, ఆ సుఖం అలవాటైతే మనిషి ఎంత దూరం పోతుందో ఆ ఏడాది తెలిసింది.

ఆమె చేస్తున్నది భూగోళశాస్త్రంలో పరిశోధన. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ మాట వినగానే ఏదో ఒక దేశం పేరు చెప్పి దాని రాజధాని అడిగేవాళ్ళు. ఆమె ఓపిగ్గా చెప్పేది. అసలు పని వేరు. ఉపగ్రహం తీసిన పాత ఫొటోలు, కొత్త ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని, హైటెక్ సిటీ చుట్టూ అద్దాల మేడలు లేచినకొద్దీ కుంటలు ఎంత కుంచించుకుపోయాయో చూడాలి. మిగిలిన నీళ్ళలో ఏం కలిసిందో తేల్చాలి. ఆ నీటి మీద బతికే మనుషులు ఏమయ్యారో రాయాలి. దీనికి ఆమె ఎంచుకున్నది సోమన్నకుంట.

ఒకప్పుడది ఊరి కుంట. ఇప్పుడు మూడువైపులా ఆఫీసులు, నాలుగోవైపు ఆకాశాన్నంటే అపార్టుమెంట్లు. ఆ అపార్టుమెంట్లకు ‘లేక్ వ్యూ’ అని పేరు పెట్టి అమ్ముకున్నారు కాబట్టి కుంటను పూర్తిగా పూడ్చలేదు. వాటి మురుగు మాత్రం ఎంచక్కా అందులోకే వదిలారు. పైనుంచి వచ్చే కాలువలో ఇంకా ఏమేం కలుస్తున్నాయో చూసినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు అంతకన్నా లేరు.

ఆ కుంటలో చేపలు పట్టుకునే హక్కు పాత ఊరివాళ్ళ సంఘానికి ఇంకా ఉంది. చాలామంది డ్రైవర్లుగా, సెక్యూరిటీ గార్డులుగా పోయారు. మిగిలిన కొద్దిమందిలో పోచయ్య ఒకడు. తెల్లవారగానే థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని నీళ్ళలోకి వెళ్తాడు. అతని భార్య కనకలక్ష్మి, పట్టిన చేపలను మెయిన్ రోడ్డు మలుపులో కత్తిపీట వేసుకుని అమ్ముతుంది. అమ్ముడుపోనివి ఇంటికి కూర.

కృష్ణప్రియ మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చేతిలో ప్రశ్నల కాగితాలు, మెడలో యూనివర్సిటీ కార్డు ఉన్నాయి. కనకలక్ష్మి ఆ కార్డు వంక అనుమానంగా చూసింది.

“కుంటను గుంజుకునేటోళ్ళ మనిషివా బిడ్డా?”

“కాదండీ. దీని గురించి చదువుకుంటున్నాను.”

“కుంట గురించి చదువుడేంది? సూస్తే సరిపోదా?” అని నవ్వి, “తిన్నవా?” అని అడిగింది. తినలేదని చెప్పకముందే కంచం వచ్చింది. కొర్రమట్ట పులుసు. కృష్ణప్రియ వాళ్ళది కాకినాడ వైపు. చేపలంటే ఇంటిల్లిపాదికీ ప్రాణం. ఆ రోజు ఆమె సిగ్గు విడిచి రెండోసారి అన్నం పెట్టించుకుంది. కాగితాల మీద పులుసు చుక్కలు పడ్డాయి. వెళ్ళేటప్పుడు “వస్తాను పిన్నీ” అంది అలవాటు కొద్దీ. కనకలక్ష్మికి ఆ పిలుపు ఎంత నచ్చిందో, బస్టాపు దాకా వచ్చి దిగబెట్టింది.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఆ ఇల్లు ఆమెకు సొంతిల్లే అయింది. వాళ్ళ వలలో పడిన చేపలనే ఐస్ డబ్బాలో పెట్టుకుని ల్యాబుకు తీసుకెళ్ళేది. కనకలక్ష్మి ఆమె కోసం నిగనిగలాడే చేపలు ఏరి పక్కన పెట్టేది. “మంచివి సూసి ఇస్తున్న. నీకు మంచి మార్కులు రావాలె” అనేది. పరిశోధనకు అన్ని రకాలూ కావాలని ఎంత చెప్పినా వినేది కాదు. ఒకటి రెండుసార్లు కృష్ణప్రియ నిజాంపేటలో ఉన్న తన ఇంటికి కూడా చేపలు తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ పుణ్యవతి వండి, తిని, “ఎవరమ్మా ఆ మహాతల్లి, చేపను ఇంత శుభ్రంగా తోమి ఇచ్చింది?” అని మెచ్చుకుంది.

వేసవి మొదట్లో ల్యాబు నుంచి ఫలితాలు వచ్చాయి. చేపల మాంసంలో సీసం. ఉండొచ్చన్న హద్దుకు చాలా పైన. అన్నిటికన్నా కొర్రమట్టల్లో ఎక్కువ, అడుగు బురదలో తిరిగే చేప కాబట్టి. కృష్ణప్రియ ఆ అంకెలు మళ్ళీ ఒకసారి చదువుకుంది. తర్వాత ఫోన్ తీసి వాళ్ళమ్మకు చేసింది.

“అమ్మా, ఇకమీదట సోమన్నకుంట చేపలు మనింట్లోకి రావు. ఆ వైపు నుంచి బండి మీద తెచ్చి ఎవరమ్మినా కొనకు. నాన్నకూ చెప్పు.”

చూశారా, ఫోన్ చేయడానికి ఆమెకు ఎవరి అనుమతీ కావలసి రాలేదు. రెండో ల్యాబు ఏమంటుందో అన్న ఆలోచనే రాలేదు. ప్రాణం లాంటి అమ్మానాన్నలు, వాళ్ళు ఆ చేప తినకూడదు, అంతే. కనకలక్ష్మికి కూడా ఫోన్ చేయాలని ఆ క్షణమే అనుకుంది. నెంబరు కూడా తీసింది. ముందు గైడ్‌గారిని ఒక మాట అడిగితే మంచిదనిపించి ఆగింది.

గైడ్ యజ్ఞనారాయణ గారు జాగ్రత్త మనిషి. “ఒక్క ల్యాబు మాట పట్టుకుని వాళ్ళ పొట్ట కొట్టలేం కదమ్మా. ఇది బయటికి పొక్కితే ఆ చేపలు ఒక్కరూ కొనరు. రెండో ల్యాబుకు పంపు. అక్కడా ఇదే వస్తే అందరికంటే ముందు ఆ కుటుంబాలకే చెబుదాం” అన్నారు. అందులో తప్పు పట్టడానికేం లేదు. కృష్ణప్రియకు మాత్రం ఆ మాట విన్నాక మనసు ఎంత తేలికపడిందంటే, తేలికపడినందుకే ఆమెకు కొంచెం అనుమానం వచ్చి ఉండాల్సింది.

తర్వాత కుంటకు వెళ్ళినరోజు శనివారం. కనకలక్ష్మి మామూలుగానే కంచం పెట్టింది. పులుసు వాసన గుప్పున కొట్టింది. కృష్ణప్రియ గుటక మింగి, “ఈరోజు శనివారం కదా పిన్నీ, నేను తినను” అంది.

“ఎన్నడు లేంది ఇదేంది?”

“కొత్తగా మొదలుపెట్టాను. వెంకటేశ్వరస్వామికి.”

కనకలక్ష్మి కంచం తీసేసి, పెరుగన్నం కలిపి ఇచ్చింది. ఎంత సులువుగా అయిపోయింది! తర్వాత వెళ్ళింది గురువారం, సాయిబాబా ఆదుకున్నాడు. ఆ తర్వాత సోమవారం, శివుడు అడ్డుపడ్డాడు. బుధవారానికి మాత్రం ఏ దేవుడూ సాయానికి రాలేదు. కంచంలో చేపముక్క పడనే పడింది. కృష్ణప్రియ దాన్ని చూస్తూ, నోటికొచ్చింది అనేసింది.

“పిన్నీ, నేనొక మొక్కు మొక్కుకున్నాను. నా పీహెచ్‌డీ పుస్తకం అయిపోయేదాకా నీచు ముట్టనని.”

కనకలక్ష్మి కళ్ళు పెద్దవి చేసి చూసింది. దగ్గరికొచ్చి ఆమె రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది. “ఇంత సదువు సదివి గూడ దేవుడంటె గింత నమ్మకం ఉన్నదా! ముందుగాల చెప్పొద్దా బిడ్డా? అనవసరంగ నీ ముందల ముక్క పెడితి.”

మళ్ళీసారి వెళ్ళేసరికి ఆ ఇంట్లో కొత్త గిన్నె ఒకటి, కొత్త కంచం ఒకటి ఉన్నాయి. చేప తగలని గిన్నెలో ఆమె కోసం వేరుగా పప్పుచారు కాచింది కనకలక్ష్మి. “నీ మొక్కు నా ఇంట్ల చెడొద్దు” అంది. వాళ్ళంతా చేపల కూర తింటుంటే కృష్ణప్రియ తళతళలాడే కొత్త కంచంలో పప్పుచారు తింది. ముద్ద దిగలేదు. అయినా రెండోసారి వడ్డించుకుంది, వద్దంటే కనకలక్ష్మి బాధపడుతుందని. చేపలో సీసం ఉందని చెప్పకుండా, పప్పుచారు వద్దంటే బాధపడుతుందేమోనని ఆలోచించే సున్నితమైన మనసు ఆమెది.

వానాకాలం రాకముందే రజిత పుట్టింటికి వచ్చింది. కనకలక్ష్మి కూతురు. లింగంపల్లి పిల్లాడికిచ్చి చేశారు. ఒక ఐటీ కంపెనీ క్యాంటీన్‌లో బిల్లులు కొట్టే ఉద్యోగం చేసేది. కడుపుతో ఉంది, ఎక్కువసేపు నిలబడొద్దన్నారని పని మానేసి తల్లి దగ్గర ఉండటానికి వచ్చింది. ముందే నవ్వు ముఖం, ఇప్పుడు ఇంకా నిండుగా ఉంది. “అక్కా, నీ మొక్కు సంగతి అమ్మ ఊరంత చెప్పింది” అంటూ కృష్ణప్రియ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“కొర్రమట్ట తింటె బాలింతకు పాలు పడతయి, కడుపుల బిడ్డకు బలమొస్తది” అంటూ కనకలక్ష్మి, పడినవాటిలో పెద్ద కొర్రమట్టను అమ్మకుండా కూతురికే దాచిపెట్టేది. ముళ్ళు ఒలిచి ముక్కలు కూతురి కంచంలో వేసేది. రజిత వేళ్ళు నాక్కుంటూ తినేది. ఎదురుగా కూర్చున్న కృష్ణప్రియకు తన కంచంలోని అన్నం మట్టిలా ఉండేది.

చెప్పడానికి ఒకసారి ప్రయత్నించింది కూడా. ప్రయత్నమంటే అదీ ఒక డొంకతిరుగుడే.

“పిన్నీ, రజితకు చేపలు మరీ ఎక్కువ పెడుతున్నావేమో. వేడి చేస్తుందేమో కదా.”

కనకలక్ష్మి పకపకా నవ్వింది. “కోడి వేడి. కొర్రమట్ట సలువ బిడ్డా! మీ దిక్కు గిది గూడ ఎరుకలేదా?” అని కూతురి కంచంలో ఇంకో ముక్క వేసింది.

అక్కడ నోరు తెరిచి సీసం అనే రెండక్షరాలు అంటే సరిపోయేది. కృష్ణప్రియ అనలేదు. తన ప్రయత్నం తాను చేసినట్టు లెక్కేసుకుని బస్సెక్కింది. కిటికీలోంచి చూస్తుంటే, కంపెనీల గేట్ల దగ్గర మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు సీసాల్లో నీళ్ళు కొనుక్కుని తాగుతున్నారు. తన సంచిలోనూ అలాంటి సీసానే ఉంది. కుంట దగ్గరికి వెళ్ళేటప్పుడల్లా ఇంటి నుంచే నీళ్ళు తెచ్చుకోవడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకు గుర్తు కూడా లేదు. ఆ సంగతి అప్పుడే గమనించి, సీసాను సంచి అడుగుకు తోసేసింది.

వానాకాలం మధ్యలో ఉండగా రెండో ల్యాబు ఫలితం వచ్చింది. అదే మాట. యజ్ఞనారాయణ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఇంక ఆగడానికి లేదు. ఆ కుటుంబాలకు చెప్పెయ్యి. నేనూ రానా?” అన్నారు.

“వద్దండీ, నేనే చెబుతాను” అంది కృష్ణప్రియ.

చెప్పాలనే వెళ్ళింది. దారంతా మాటలు కూర్చుకుంది. కుంట గట్టు ఎక్కేసరికి పోచయ్య తెప్ప దిగుతూ, “వానల నీళ్ళకు కొత్త చాపలొచ్చినయమ్మా, నీ డబ్బా తెచ్చినవా?” అని కేకేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, వానాకాలం చేపలు ఇంకా సగం కూడా పోగవ్వలేదని. ఎండాకాలానికీ వానాకాలానికీ తేడా చూపడమే ఆమె పుస్తకంలో ప్రధాన అధ్యాయం. ఇప్పుడు సంగతి చెబితే వీళ్ళు వల వేస్తారా? వెయ్యరు. వల వెయ్యకపోతే అధ్యాయం లేదు. అధ్యాయం లేకపోతే ఇంకో ఏడాది. ఇవన్నీ ఆమె నిదానంగా కూర్చుని ఆలోచించిందని కాదు. గట్టు దిగేలోపు, ఒక్క ఊపులో, అన్నీ మనసులో తిరిగిపోయాయి. సంచిలోంచి ఐస్ డబ్బా తీసి ఇచ్చింది.

ఆ వారం గైడ్‌గారు అడిగారు. “చెప్పావా అమ్మా? ఏమన్నారు?”

“చెప్పానండి,” అంది కృష్ణప్రియ. “బాధపడ్డారు.”

ఆయన కూడా పాపం బాధపడ్డారు. ఇంటికెళ్తూ బస్సులో ఆమెకు తన మీద తనకే అసహ్యం పుట్టి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏడ్చేసరికి కాస్త హాయిగా అనిపించింది. ఏడుపుతో వచ్చే చిక్కే అది.

దసరా వెళ్ళాక పుస్తకం అప్పగించే ముందు జరిగే సెమినార్ అయింది. అద్భుతంగా జరిగింది. నీళ్ళు, చేపలు, మనుషులు అంటూ ఆమె వరుసగా బొమ్మలు చూపిస్తుంటే హాలంతా కిక్కురుమనలేదు. ఒక బొమ్మలో కనకలక్ష్మి కత్తిపీట ముందు కూర్చుని నవ్వుతోంది. పెద్దలంతా చప్పట్లు కొట్టారు. సాయంత్రం రజిత ఫోన్ చేసి, “ఎట్లయింది అక్కా?” అని అడిగింది. బాగా అయిందని చెప్పింది. “అయితే పుస్తకం అయిపోయినట్టేనా?” అంది. అయిపోయినట్టేనంది. “మీ ఇంటి లొకేషన్ జర పెట్టు అక్కా, శ్రీమంతం పిలుపుకు అమ్మ వస్తదట” అంది. కృష్ణప్రియ పెట్టింది. పుస్తకం అప్పగించగానే, శ్రీమంతం లోపలే, ఎలాగైనా చెప్పెయ్యాలని ఆ రోజు ఒట్టు కూడా పెట్టుకుంది.

ఆదివారం పదకొండు దాటాక ఆమె తల స్నానం చేసి గదిలో జుట్టు తుడుచుకుంటోంది. తండ్రి కామేశ్వరరావు బజారుకు వెళ్ళాడు. బెల్లు మోగింది. పుణ్యవతి తలుపు తీసిన చప్పుడు, ఆ వెంటనే బాగా తెలిసిన గొంతు.

“కృష్ణప్రియ వాళ్ళిల్లు ఇదేనా అక్కా?”

“ఇదేనండీ. మీరు...”

“కనకలక్ష్మిని. కుంట కాడి నుంచి.”

“అయ్యో, మీరేనా కనకలక్ష్మి గారూ! రండి రండి, మా అమ్మాయి మిమ్మల్ని తలవని రోజు లేదు. కూర్చోండి. ఒక్కరే వచ్చారా?”

“మా ఆయన బండి మీద తోల్కొచ్చిండు. కింద ఉన్నడు, రమ్మంటె సిగ్గు.”

కృష్ణప్రియ తువ్వాలు పట్టుకుని తలుపు దాకా వచ్చింది. అంతలో మూత తీసిన చప్పుడయింది. కొర్రమట్ట పులుసు వాసన గదిలోకి వచ్చేసింది.

“బిడ్డ మొక్కు తీరింది గద అక్కా, అందుకని తెచ్చిన. ఇన్ని దినాలు నా ఇంట్ల కూసోని ఒట్టి పప్పుచారు తింటుంటె నా పానం ఉసూరుమనేది. పొద్దుగాల లేశి దాని కోసమని మా ఆయన వల ఏశిండు. ఇయ్యాల కడుపు నిండ తినాలె.”

“మొక్కేమిటండీ?” అంది పుణ్యవతి. తర్వాత డబ్బా వంక చూసినట్టుంది, గొంతు మారింది. “ఇవి... మీ కుంటవేనా చేపలు?”

“మా కుంటవే. ఇంకెక్కడివి తెస్త?”

బయటికి వెళ్ళాలి. ఇప్పుడే వెళ్ళాలి. వెళ్ళి ఏదో ఒకటి అనాలి, అమ్మ మాట మధ్యలో అడ్డం పడాలి. కృష్ణప్రియ తలుపు గడియ మీద చెయ్యి వేసి, అలాగే నిలబడిపోయింది. లోపలెక్కడో ఒక మూల ఆమెకు హాయిగా కూడా ఉంది, తాను చెప్పనక్కర్లేకుండా అమ్మే చెప్పేస్తుందని. ఆ హాయిని ఆమె ఆ తర్వాత ఎన్నటికీ క్షమించుకోలేకపోయింది.

“అయ్యయ్యో, కనకలక్ష్మి గారూ, మీరింకా ఆ చేపలు తింటున్నారా? వాటిలో సీసం ఉందటండీ! మా అమ్మాయే పరీక్ష చేయించింది కదా. ఎండలప్పుడే నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది, ఆ చేపలు ఇంట్లోకి రానివ్వద్దని. మేం అప్పట్నుంచీ కొనడమే మానేశాం. మీకు చెప్పలేదూ? అబ్బే, చెప్పే ఉంటుంది, మీరు మర్చిపోయుంటారు.”

కనకలక్ష్మి నెమ్మదిగా, చిన్నపిల్లకు నచ్చజెబుతున్నట్టు అంది. “కాదక్కా. నువ్వు ఇంకేదో కుంట అనుకుంటున్నవు. గట్లయితే నాకు చెప్పకుంట ఉంటదా? మాతోటే కూసోని తింటది. మొక్కున్నది గని ముక్క ముడతలేదు, అంతే. నీ బిడ్డ గసొంటిది కాదు.”

“మొక్కేం లేదండీ. నిన్న శనివారం కూడా వాళ్ళ నాన్న చికెన్ తెస్తే తిందిగా...” అని పుణ్యవతి మాట మధ్యలోనే ఆపేసింది. ఆమె తెలివితక్కువ మనిషేం కాదు. ఆలస్యంగానైనా విషయం అందింది.

కృష్ణప్రియకు తల కొట్టేసినట్టయింది. కనకలక్ష్మి తిట్టి ఉంటే సరే. తనను కన్నతల్లి ముందు తన మంచితనం కోసం ఆ మనిషి వాదిస్తోంది. ఇంక ఆ తలుపు వెనక నిలబడటానికి ఆమెకే ముఖం చెల్లలేదు. గడియ తీసి హాల్లోకి వచ్చింది.

కనకలక్ష్మి పట్టుచీర కట్టుకుని వచ్చింది. తలలో పూలు పెట్టుకుంది. సోఫా అంచు మీద, మాసిపోతుందేమోనన్నట్టు కూర్చుని ఉంది. ముందు టీపాయి మీద స్టీలు డబ్బా, మూత పక్కన పెట్టి ఉంది. కృష్ణప్రియను చూడగానే అలవాటుగా నవ్వబోయింది. ముఖం చూశాక ఆ నవ్వు రాలేదు.

“ఎప్పటి సంది ఎరుక బిడ్డా నీకు?”

“ఎండాకాలం నుంచి పిన్నీ.”

“అప్పటికి మా రజిత ఇంక మా ఇంటికి రానే లేదు గద.”

“రాలేదు.”

“మరి అది నీ ముందలే తింటుండె.”

కృష్ణప్రియ ఏదో అనబోయింది. రెండో ల్యాబు అనో, గైడ్‌గారు ఆగమన్నారనో. ఇంతకాలం ఆమెకు ఆసరాగా నిలబడిన కారణాలన్నీ ఆ డబ్బా ముందు చేతకానివై పోయాయి. “తప్పయిపోయింది పిన్నీ” అంది. ఆ మాట ఎంత చిన్నదో అంటుంటేనే తెలిసిపోయింది.

“ఎందుకే?” అని మాత్రం అడిగింది కనకలక్ష్మి. కోపం కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

“మీరు వల వెయ్యడం మానేస్తారని. నాకు చేపలు కావాలి కదా, పుస్తకానికి.”

పుణ్యవతి “ఛీ” అంది. అంది తన కూతుర్నే. జీవితంలో ఆ మాట తల్లి నోట వినడం కృష్ణప్రియకు అదే మొదలు. తలెత్తలేకపోయింది.

“అడిగితే ఇయ్యకపోదునా?” అంది కనకలక్ష్మి. “మేం తినకపోయినా నీ కోసమైతే పట్టిస్తుంటిమి.”

అది అబద్ధం కాదు. ఏడాదికి పైగా ఆ ఇంట్లో తిరిగిన కృష్ణప్రియకు అది తెలిసి ఉండాల్సింది. తెలియనందుకు, తెలుసుకోవాలని కూడా అనుకోనందుకు ఆమెకు ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది.

కనకలక్ష్మి డబ్బాకు మూత పెట్టబోయి ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది. “సగం నీకు తెచ్చిన, సగం రజితకు ఇంట్ల పెట్టొచ్చిన. ఫోన్ చెయ్యి. జల్ది చెయ్యి.”

“పిన్నీ, నువ్వు...”

“నువ్వే చెయ్యాలె. నాకేం చెప్పొస్తది? నేను వండి పెట్టినదాన్ని.”

కృష్ణప్రియ ఫోన్ చేసి స్పీకర్ నొక్కింది. రెండు రింగులకే రజిత ఎత్తింది. వెనక టీవీలో ఏదో పాట.

“అక్కా! అమ్మ వచ్చిందా? శ్రీమంతం అని నీకు ఒట్టిగనే చెప్పిన, నువ్వు వద్దంటవని. ఎట్లున్నది, మంచిగైందా?”

“రజితా, ఇంట్లో ఉన్న చేపల పులుసు తినకు.”

“ఇగ ఇప్పుడే తింటి గదక్కా. ఆకలి ఆగలే. ఏమైంది, ఉప్పు ఎక్కువైందా?”

కనకలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుణ్యవతి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

“మీ కుంట చేపల్లో సీసం ఉంది రజితా. మామూలు మనుషులకే మంచిది కాదు, కడుపులో బిడ్డకు అసలు మంచిది కాదు. ఇంక తినొద్దు. ఇప్పుడే దవాఖానకు వెళ్ళి రక్తం పరీక్ష చేయిద్దాం. నేను వస్తున్నాను.”

ఆరు నెలలు గొంతులో అడ్డం పడిన మాట, ఊపిరి తీసుకునే లోపు అయిపోయింది. అంతే ఉంది అందులో.

టీవీ పాట ఆగింది, కట్టేసినట్టుంది. మళ్ళీ మాట్లాడేసరికి రజిత గొంతులో నవ్వు పోయింది, భయం వచ్చింది.

“ఎంత ఉంటె ఏమైతదక్కా? బిడ్డకేమన్న అయితదా?”

“తెలీదు రజితా. పరీక్ష చేస్తే తెలుస్తుంది. దానికి మందులున్నాయి, డాక్టరు చెబుతారు.”

“అయ్యో...” అంది రజిత. ఆ వెంటనే కంగారుగా, “మరి నువ్వు? ఇయ్యాల తిన్నవా ఏంది? అమ్మకు ఎరుక లేక తెచ్చిందక్కా, ఏమనుకోకు. నువ్వు గూడ పరీక్ష చేయించుకో, మొదట్ల మా ఇంట్ల మస్తు తింటుంటివట.”

ఫోన్ కృష్ణప్రియ చేతిలో బరువైపోయింది. అవునని ఒక్క మాటంటే చాలు. తానూ వాళ్ళతో పాటే మోసపోయినట్టుంటుంది. అబద్ధం ఎప్పటిలాగే సులువుగా, నాలుక చివరనే ఉంది. ఎదురుగా కనకలక్ష్మి ఆమెనే చూస్తోంది. కళ్ళు తుడుచుకోలేదు.

“నాకేం కాదు రజితా,” అంది కృష్ణప్రియ. “తెలిసినప్పటి నుంచి నేను తినలేదు.”

అవతలి నుంచి మాట రాలేదు. రజిత ఫోన్ పెట్టెయ్యనూ లేదు. కృష్ణప్రియ ఫోన్ పట్టుకుని, ఆమె ఏదో ఒకటి అంటుందని, అలాగే నిలబడింది.